కిటికీకి దూరంగా

చీకట్లో పెరిగే పచ్చని మొక్క ఏదీ లేదు. "ఆఫీసులో ఎక్కడైనా పెట్టుకోండి సార్, వెలుతురు అక్కర్లేదు, నీళ్లు కూడా పెద్దగా అడగదు" అంటూ నర్సరీవాళ్లు చేతికిచ్చే స్నేక్ ప్లాంటు, మనీ ప్లాంటు, జెడ్‌జెడ్ ప్లాంటు అన్నీ వెలుతురు తిని బతికేవే. తక్కువ దొరికినంత మాత్రాన అవి వెంటనే వాడిపోవు. ఆ ఓర్పును చూసి, వాటికి ఏమీ అక్కర్లేదని మనం అనుకుంటున్నాం. ఇవాళ మండల కార్యాలయంలోనూ, బ్యాంకు కౌంటరు పక్కనా, హైటెక్ సిటీ అద్దాల భవనాల్లోనూ కుండీలు కనిపిస్తున్నాయి. మంచి మార్పే. కాని వాటిలో చాలావాటిని కొన్న రోజున తప్ప ఎవరూ తేరిపార చూసినట్టు ఉండదు. కొన్నాళ్లకు ఆకుల మెరుపు పోతుంది, ఇంకొన్నాళ్లకు కాడలే మిగులుతాయి, ఒక వరస సెలవుల తర్వాత కుండీ ఉన్నచోట గుండ్రటి మరక ఉంటుంది. అక్కడికి మళ్లీ కొత్త మొక్క వస్తుంది.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే వీటి స్వభావం తెలుస్తుంది. వానలు దండిగా కురిసే ఉష్ణమండలపు అడవుల్లో చెట్ల కొమ్మలు ఆకాశాన్ని కప్పేస్తాయి. పైన పడే వెలుతురులో నేల దాకా దిగేది నూటికి ఒకటి రెండు పాళ్లే. ఆ కాస్తనూ పట్టుకోవడానికి అక్కడి మొక్కలు వెడల్పాటి, ముదురాకుపచ్చ ఆకులు వేశాయి, నిదానంగా పెరగడానికి అలవాటుపడ్డాయి. మనీ ప్లాంటు పసిఫిక్ మహాసముద్రంలోని మొరేయా దీవిది. అగ్లోనిమా ఆగ్నేయాసియా అడవులది. పీస్ లిల్లీ రకాలు ఎక్కువగా మధ్య, దక్షిణ అమెరికాలవి. జెడ్‌జెడ్ ప్లాంటు కథ కొంచెం వేరు. కెన్యా నుంచి దక్షిణాఫ్రికా దాకా తూర్పు ఆఫ్రికాలో, నెలల తరబడి వాన లేని చోట్ల అది పుట్టింది. ఆ కరవును దాటడానికి మట్టిలోపలి దుంపల్లో నీళ్లు దాచుకుంటుంది. 1996 ప్రాంతంలో డచ్ నర్సరీలు దాన్ని పెద్దఎత్తున పెంచడం మొదలుపెట్టాకే ప్రపంచమంతటి కార్యాలయాలకు చేరింది.

ఈ నాలుగూ ఒకే కుటుంబానివి. ఆ కుటుంబం మనకు కొత్తది కాదు, మన కంద, చేమ వాటికి దాయాదులు. పెరట్లో అరటి నీడన, నూతి దగ్గర నీళ్లు పారే చోట చేమ ఎంత నవనవలాడుతుందో చూసినవారికి ఈ కుటుంబానికి నీడ ఎందుకు సరిపడుతుందో వేరే చెప్పక్కర్లేదు. కంద కోస్తే చేతులు దురద పెట్టినట్టే మనీ ప్లాంటు, డిఫెన్‌బాకియా ఆకులు నమిలితే నోరు మండుతుంది. రెంటిలోనూ ఉన్నవి కాల్షియం ఆక్సలేట్ సూదులే. పసిపిల్లలను వెంట తెచ్చుకునే తల్లులున్న కార్యాలయాల్లో వీటిని ఎత్తున పెట్టడం మంచిది. నీడ లెక్క తమలపాకు రైతుకు బాగా తెలుసు. ముందు అవిసె వేసి, అది ఎదిగి పలచని నీడ పట్టాక దాని మీదికి తీగ ఎక్కిస్తాడు. ఎండను వడగట్టి ఇస్తున్నాననే ఎరుక అతనికి ఉంటుంది, ఎండే అక్కర్లేదని అతను ఎన్నడూ అనుకోడు.

అలా వడగట్టిన ఎండకూ ఆఫీసు గదికీ ఉన్న దూరం మన కంటికి ఆనదు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ 1,00,000 లక్స్ దాకా ఉంటుంది. మబ్బు పట్టిన పగలు కూడా వేలల్లోనే ఉంటుంది. మన రాతబల్ల మీద ఉండేది 300 నుంచి 500. బీరువాల మధ్య సందుల్లో, లోపలి నడవాల్లో 100 ఉంటే ఎక్కువ. కంటిపాప విచ్చుకుని ఈ తేడాను మనకు తెలియనివ్వదు కాబట్టి, ఫైలు చదవడానికి చాలిన వెలుతురు మొక్కకూ చాలుతుందనుకుంటాం. తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. మధ్యాహ్నం లైట్లన్నీ ఆర్పి, కుండీ ఉన్నచోట తెల్లకాగితం పరిచి, దానికి జానెడు ఎత్తున చెయ్యి చాపాలి. నీడలో వేళ్లు విడివిడిగా కనిపిస్తే అక్కడ ఈ మొక్కలేవైనా పెరుగుతాయి. చేతి ఆకారం తెలిసీ తెలియనట్టుంటే స్నేక్ ప్లాంటు, జెడ్‌జెడ్ ఓర్చుకుంటాయి. నీడే పడకపోతే ఆ చోట మొక్కను ఉంచడం దాన్ని ఆకలికి వదిలేయడమే.

ఈ పరీక్ష చేసినప్పుడు ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. నీడ పడని ఆ మూలల్లో మనుషులు కూర్చుని ఉంటారు. రికార్డు గదుల్లో, పార్టిషన్ల వెనక, మెట్ల కింద వేసిన టేబుళ్ల దగ్గర పొద్దున పదింటికి కూర్చున్నవారు సాయంత్రం దాకా ఆకాశం చూడరు. కిటికీలు చాలాచోట్ల పెద్ద హోదా ఉన్నవారి గదుల వాటాకి వెళ్లాయి. అక్కడేమో ఎండ పడుతోందని మందపాటి తెరలు దించి ఉంటాయి. కుండీని వెలుతురు వైపు జరిపేవారు పక్కనున్న కుర్చీని కూడా జరపగలమేమో ఒకసారి చూడాలి. ఆ తెరలో ఒక పక్కను తొలగించినా ఎంతో మేలు.

ట్యూబ్‌లైటు, ఎల్‌ఈడీ వెలుతురు మొక్కకు పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. పనికొస్తుంది. సూర్యుడిదా, కరెంటుదా అని ఆకు చూడదు, ఎంత, ఎంతసేపు అన్నదే దానికి లెక్క. పత్రికా కార్యాలయాల్లో రాత్రి డెస్కు మీద చివరి ఎడిషన్ వెళ్లేదాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి గనుక కిటికీ లేని గదిలోనూ మనీ ప్లాంటు నిలబడుతోంది. లైటు దగ్గరగా ఉండాలి, రోజుకు పది పన్నెండు గంటలు వెలగాలి. వరసగా సెలవులొచ్చి లైట్లు ఆర్పేసిన రోజుల్లో మాత్రం ఆ గది దానికి పూర్తి చీకటే.

ఏ కిటికీ మంచిదన్నది మన ఊరి లెక్కన చూసుకోవాలి. యూరప్, అమెరికా వాళ్ల పుస్తకాల్లో ఉత్తరపు కిటికీ అంటే మసక, దక్షిణపు కిటికీ అంటే ఎండ. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. విజయవాడ, విశాఖపట్నాల్లోనూ దాదాపు అంతే. అందుకని ఉత్తరపు కిటికీ మన దగ్గర ఏడాది పొడుగునా మెత్తటి వెలుతురిచ్చే చోటు. తూర్పు కిటికీ అంతకన్నా మేలు, పొద్దుటి ఎండ ఆకును కాల్చదు. జాగ్రత్తపడవలసింది పడమటి కిటికీ దగ్గరే. ఏప్రిల్, మే నెలల్లో మూడింటి ఎండ అద్దంలోంచి సూటిగా పడితే పీస్ లిల్లీ ఆకు కమిలిపోతుంది. కొత్త భవనాల రంగు అద్దాలు, వాటి మీద అంటించే ఫిల్ములు బయటి వెలుతురులో చాలా భాగాన్ని ఆపేస్తాయి కాబట్టి అక్కడ అద్దం పక్కన ఉన్న కుండీని కూడా లోపలి గదిలో ఉన్నదానిలాగే చూసుకోవాలి.

ఇంత చెప్పినా, ఆఫీసు మొక్కల ప్రాణం తీసేది ఎక్కువగా నీళ్లే. వెలుతురు తగ్గడానికీ దానికీ సంబంధం ఉంది. జీతం సగమైన ఇల్లు ఖర్చులు తగ్గించుకున్నట్టు, వెలుతురు తగ్గిన మొక్క అన్ని పనులూ తగ్గించుకుంటుంది. ఆకు తక్కువ వేస్తుంది, వేరు తక్కువ పెడుతుంది, నీళ్లు తక్కువ తాగుతుంది. తాగని నీళ్లు మట్టిలో నిలిచి వేళ్లకు గాలి ఆడనివ్వవు. వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు గనుక ఆకులు వడలిపోతాయి. వడలిన ఆకును చూసి, అయ్యో దాహమేసిందే అనుకుని ఇంకో చెంబు పోస్తాం.

వేలు రెండు కణుపుల లోతున మట్టిలోకి గుచ్చి చూడాలి. తడి తగిలితే పోయకూడదు. పొడిగా ఉంటే అడుగు చిల్లిలోంచి కారేదాకా పోసి, కింది పళ్లెంలో నిలిచింది పారబోయాలి. స్నేక్ ప్లాంటుకూ జెడ్‌జెడ్‌కూ మట్టి అడుగుదాకా ఎండనివ్వాలి. మసక గదిలో దానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు, వానాకాలంలో నెల కూడా పట్టవచ్చు. మనీ ప్లాంటుకు వారం పది రోజులు. పీస్ లిల్లీ తనే చెబుతుంది. దాహమైతే ఆకులన్నీ వేలాడేస్తుంది, నీళ్లు అందిన కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. అలా వేలాడినప్పుడు కూడా మట్టి తడిగా ఉంటే అది దాహం కాదు, వేరు కుళ్లు. కేలండరు కన్నా వేలిని నమ్మడం మంచిది. రోజూ కుండీని ఎత్తి చూసే అలవాటున్నవారికి బరువును బట్టే తెలిసిపోతుంది.

కార్యాలయంలో దీనికి అడ్డొచ్చేది అందరి మంచితనమే. ఉదయం అటెండరు పోస్తాడు. మధ్యాహ్నం పక్క సీటువారు బాటిల్లో మిగిలిన నీళ్లు పోస్తారు. సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఇంకెవరో గ్లాసు అడుగున ఉన్న టీ పోస్తారు. పాలూ చక్కెరా ఉన్న టీకి మట్టి బూజు పడుతుంది, సన్నటి నల్ల ఈగలు చేరతాయి. చిల్లి లేని పింగాణీ కుండీ అయితే ఈ పని మరీ త్వరగా పూర్తవుతుంది. నేను పనిచేసిన ఒక డెస్కులో సీనియర్ సబ్ ఎడిటర్ ఒకాయన ఉండేవారు. ఆయన బల్ల మీద మనీ ప్లాంటు కుండీ. దానికి ఆయన చీటీ అంటించలేదు, ఎవరినీ కసురుకోలేదు. ఏ ట్రెయినీ కుర్రాడైనా చెంబు పట్టుకొస్తే, "ఉండవయ్యా, పొద్దున్నే చూశాను, ఇంకా తడిగానే ఉంది. శుక్రవారం నువ్వే పోద్దువుగాని" అనేవారు. శుక్రవారం గుర్తుపెట్టుకుని మరీ పిలిచేవారు. తర్వాత్తర్వాత మా బల్లల మీదికి వచ్చిన తీగలన్నీ ఆ కుండీలోంచి తుంచినవే. మొక్కను ఎంతమందైనా ఇష్టపడవచ్చు, నీళ్లు పోసేవారు మాత్రం ఒక్కరే ఉండాలి. ఆ ఒకరు సెలవు పెడితే ఎవరు చూడాలో ముందే అనుకుని ఉండాలి.

ఆ ఒక్కరు చాలా కార్యాలయాల్లో ఊడ్చి తుడిచే ఆయమ్మ అవుతోంది. మొక్క కళకళలాడితే గది బాగుందంటారు, ఎండిపోతే ఆమెను అడుగుతారు. కుండీ ఎక్కడుండాలో, ఎప్పుడు పోయాలో తేల్చే మాట కూడా ఆమెదే కావాలి. రోజూ దగ్గర్నుంచి చూసేది ఆమే.

మనీ ప్లాంటును చూస్తే నాకు ఒక దిగులు. కొబ్బరిచెట్టుకో మామిడిమానుకో పాకిన మనీ ప్లాంటును తోటల్లో చూసినవారికి తెలుసు, పైకి ఎక్కేకొద్దీ ఆకులు చేటంత అవుతాయి, అంచులు చీలతాయి. అది దాని నిండు ఈడు. అరచేయంత ఆకులతో బల్ల అంచు నుంచి వేలాడేది కూడా అదే మొక్క, కాకపోతే పసితనంలోనే ఆగిపోయి ఉంది. పాకడానికి ఆధారం, చాలినంత వెలుతురు దొరికేదాకా అది పెద్దది కాదు, ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది. (పూయకపోవడానికి మాత్రం మన తప్పేమీ లేదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ హార్మోను ఆ మొక్కలో సరిగా తయారు కాదని 2016లో తేల్చారు.) చనిపోకుండా ఉంచడం వేరు, ఎదగనివ్వడం వేరు. మొక్క అడగదు కాబట్టి మనం మొదటిదానితోనే తృప్తిపడుతున్నాం. చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. కొబ్బరిపీచు చుట్టిన కర్రను కుండీలో పాతి తీగను దాని మీదికి మళ్లించాలి. కణుపుకూ కణుపుకూ మధ్య కాడ సాగిపోతున్నా, కొత్తాకు పాతాకు కన్నా చిన్నదిగా వస్తున్నా కుండీని కిటికీ వైపు రెండడుగులు జరపాలి. పసుపు, తెలుపు చారలున్న రకాల్లో చారలు మాసి ఆకంతా పచ్చబడుతుంటే, అదీ వెలుతురు చాలడం లేదన్న కబురే.

స్నేక్ ప్లాంటు పశ్చిమ ఆఫ్రికాది. దాని దగ్గరి చుట్టం మాత్రం మన నేల మీదే ఉంది. కోరమాండల్ తీరంలోని మెట్టల మీద, రాళ్ల మధ్య పెరిగే చాగ. దాని నారతో వింటినారి పేనేవారు. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి మన ప్రాంతపు మొక్కలకు బొమ్మలు వేయించి, వివరాలు రాసిన విలియం రాక్స్‌బర్గ్ పేరు దాని శాస్త్రీయ నామంలో నిలిచింది. ఈ చుట్టరికం తెలిస్తే స్నేక్ ప్లాంటును నీడ మొక్క అనబుద్ధి కాదు. పగలు ఆకురంధ్రాలు మూసుకుని రాత్రిపూట తెరిచి గాలి పీల్చే పొదుపరి అది, పొడి నేలల్లో నీరు వృథా కాకుండా నేర్చిన పద్ధతి. ఆ పొదుపు వల్లే ఏసీ గది మూలన అన్నాళ్లు నిలుస్తోంది. ఏడాదిలో రెండు మూడు నెలలు దాన్ని వెలుతురు బాగా వచ్చే వరండాలో ఉంచితే కుండీ అంచున కొత్త పిలకలు మొలుస్తాయి.

గాలిని శుభ్రం చేస్తాయని ఈ మొక్కలు కొనేవారు ఎందరో. ఈ నమ్మకానికి మూలం 1989లో నాసా తరఫున వోల్వర్టన్ చేసిన ప్రయోగాలు. మూసి ఉంచిన చిన్న పెట్టెల్లో చేసినవి అవి. తలుపులు తెరుచుకుంటూ, గాలి మారుతూ ఉండే గది సంగతి వేరు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో అంతకుముందు ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కగట్టారు. భవనంలో మామూలుగా గాలి మారడం వల్ల జరిగే మేలుకు సాటి రావాలంటే చదరపు మీటరు నేలకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేలింది. కిటికీ తెరిస్తే పోయేదానికి అన్ని కుండీలు ఎక్కడ పెడతాం? దీనివల్ల మొక్కల మీద ఇష్టం తగ్గనక్కర్లేదు. ఏదో పని చేసిపెడుతుందని తెచ్చుకున్నది, ఆ పని చేయడం లేదని తెలిసిన రోజున కంటికి ఆనదు. చుట్టగా వచ్చిన లేతాకు రోజుకు కొంచెంగా విచ్చుకోవడం చూడాలని తెచ్చుకున్నవారికి ఆ బెడద లేదు. మనీ ప్లాంటును దొంగతనంగా తుంచుకొస్తేనే డబ్బు కలిసొస్తుందన్న మాటా అంతే. అడిగి తీసుకుంటే ఇచ్చినవారికి సంతోషం, అది ఎలా పెరిగిందో నాలుగు ముక్కలు కూడా తీగ వెంట వస్తాయి.

తెలుగునాట ఇలాంటి మొక్కలకు పెద్ద పుట్టిల్లు కడియం, కడియపులంక నర్సరీలు. అక్కడ గ్రీన్ నెట్ల కింద, గోదావరి పక్క తేమలో పెరిగినవి లారీ ఎక్కి వచ్చి ఒక్కసారిగా ఏసీ గదిలో పడతాయి. మొదటి నెలలో కొన్ని ఆకులు పండి రాలడం ఆ మార్పు వల్లే, కంగారుపడి ఎరువు వేయకూడదు. కొన్నాళ్లు కిటికీ పక్కన ఉంచి, తర్వాత కొంచెం కొంచెంగా లోపలికి జరపాలి. దారిలో గడ్డ విడిపోకుండా నర్సరీ మట్టి తరచు జిగటగా ఉంటుంది. ప్రయాణానికి అది మంచిదే కాని, నీడ గదిలో తడి ఆరదు. మొక్క కుదుటపడ్డాక ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, ముతక ఇసుక, కాస్త చివికిన పశువుల ఎరువు కలిపిన గుల్లమట్టిలోకి మార్చుకోవాలి. ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు గుప్పెడు వర్మీకంపోస్టు చాలు.

పెద్ద కార్యాలయాలకు మొక్కలను అద్దెకిచ్చేవారున్నారు. నీరసించినవాటిని నర్సరీకి తీసుకెళ్లి, తేరుకున్నవాటిని తెచ్చి పెడతారు. మొక్క పక్షాన చూస్తే ఇది న్యాయమైన పద్ధతే. చిన్న ఆఫీసుల్లోనూ ఇది కుదురుతుంది. ఒకే రకం కుండీలు రెండు తెచ్చి, ఒకటి లోపలి గదిలో, ఒకటి కిటికీ దగ్గర ఉంచి, సోమవారం సోమవారం మార్చుకుంటే రెండూ బాగుంటాయి. కిటికీ అసలే లేని రికార్డు గదికి కూడా అలా ఒక పచ్చదనం దక్కుతుంది.

దుమ్ము సంగతి చాలామంది మరిచిపోతారు. ఆకు మీద పేరుకున్న దుమ్ము ఉన్న కాస్త వెలుతురునూ అడ్డుకుంటుంది. పదిహేను రోజులకోసారి, ఆకు కింద అరచెయ్యి ఆన్చి తడిగుడ్డతో తుడవాలి. మెరుపు కోసం కొబ్బరినూనె రాయకూడదు. అలా తుడిచేటప్పుడే ఆకు అడుగున, కాడ మొదట్లో తెల్లటి పిండినల్లి కనిపిస్తుంది. కొద్దిగా ఉన్నప్పుడే చూస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తీసేయవచ్చు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు పోస్తే డ్రసీనా, స్పైడర్ ప్లాంటు ఆకుల కొసలు మాడతాయి. ఎందరో మనుషుల ఎముకలు వంచిన నీళ్లవి. అలాంటి చోట్ల వాననీళ్లు పట్టి పోయడం మేలు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కార్యాలయాలకు తాళాలు పడ్డాయి. మళ్లీ తలుపులు తీసినప్పుడు ఎండిన కాడల మధ్య జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంటు ఇంకా పచ్చగా ఉండటం చూసి ఆశ్చర్యపోయినవారున్నారు. చూశారా, వీటికి మన అవసరమే లేదు అన్నవారూ ఉన్నారు. దుంపల్లో, దళసరి ఆకుల్లో దాచుకున్నదంతా ఖర్చుపెట్టి నిలబడిన మొక్కలవి. అప్పుడు వాటికి మనం రుణపడ్డాం.

ప్రభుత్వ కార్యాలయాల్లో బదిలీల కాలం వస్తే బల్ల మీది మొక్క ఎవరిదీ కాకుండా పోతుంది. ఛార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలు, రిజిస్టర్లు, స్టాంపులు వరసగా రాసి సంతకాలు తీసుకుంటారు. కొత్తగా వచ్చినవారి చేత ఒకసారి మట్టిలో వేలు పెట్టించి, చివరిసారి నీళ్లు ఎప్పుడు పోశారో, కుండీ ఏ వైపును కిటికీకి తిప్పి ఉంచుతున్నారో చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. వారికి ఆసక్తి లేకపోతే ఆయమ్మకు అప్పగించి, ఆ మాట అందరి ముందూ చెప్పాలి. వెళ్లేవారు జానెడు తీగను కణుపు కింద తుంచి, నీళ్ల సీసాలో పెట్టుకుని కొత్త ఊరికి తీసుకెళ్లవచ్చు. కణుపు మునగాలి, ఆకు మునగకూడదు. వారానికోసారి నీళ్లు మారిస్తే రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి, అవి బెత్తెడు అయ్యాక మట్టిలో పెట్టుకోవచ్చు.